కీచురాయి రొద, పాము బుస

రాత్రి దీపాలార్పి పడుకున్నాక గదిలో ఎక్కడో కీచురాయి మొదలుపెడుతుంది. లేచి లైటు వేసి వెతుకుతాం. బీరువా వెనకా? కిటికీ పక్కనా? మంచం కిందా? చెవులు రిక్కించినా అంతుపట్టదు. చిన్న గదే. శబ్దమూ గట్టిగానే ఉంది. కానీ ఎటునుంచి వస్తోందో తెలీదు. ఇప్పుడు ఇంకో శబ్దం తలుచుకోండి. తెల్లవారుజామున వాకిట్లో ఎవరో చీపురుతో ఊడుస్తున్నారు. మనం కళ్లు తెరవం. అయినా ఊడ్చే మనిషి గేటు దగ్గరుందో, తులసికోట దగ్గరుందో చెప్పేస్తాం. చీపురు శబ్దం ఎంతని? కీచురాయి రొదలో సగం కూడా ఉండదు. కానీ అది తన చోటు చెబుతుంది. ఈ తేడా పట్టుకుని ఇవాళ ఒక విషయం మాట్లాడుకుందాం. గోదాముల్లో, సెల్లార్లలో, లోడింగ్ బేల్లో సరుకు ఎత్తి మోసే ఫోర్క్‌లిఫ్ట్‌లు తిరుగుతుంటాయి. వాటికి ఎలాంటి హెచ్చరిక శబ్దం పెట్టాలి? ఎలాంటి లైటు పెట్టాలి? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తర్వాత వాదించుకుందాం. ఎంత గట్టిగా మోగుతుందని చూసి అలారం కొనకూడదు. ప్రమాదం ఎటునుంచి వస్తోందో అది చెప్పాలి. ఎవరికి చెప్పాలో వాళ్లకి చెప్పాలి. చెప్పేదేమీ లేనప్పుడు నోరు మూసుకోవాలి.

హైదరాబాద్ హైటెక్ సిటీలో కూడా ఈ బళ్లు తిరుగుతాయి. అక్కడ ఫోర్క్‌లిఫ్ట్ ఏమిటండీ, ఉండేవి కంప్యూటర్లు కదా అంటారేమో. 1998 నవంబరులో సైబర్ టవర్స్ మొదలైన దగ్గర్నుంచీ మనకు ఆ ప్రాంతం అంటే అద్దాల మేడలే గుర్తొస్తాయి. కానీ ప్రతి అద్దాల మేడకీ ఒక వెనక గేటు ఉంటుంది. ముందు గేటులో ఐడీ కార్డులు, వెనక గేటులో లారీలు. కరెంటు పోతే ఆదుకునే యూపీఎస్ బ్యాటరీలు ఎంత బరువుంటాయో తెలుసు కదా. ఏసీ యంత్రాలు, కుర్చీల అట్టపెట్టెలు, క్యాంటీన్‌కి బియ్యం బస్తాలు, అన్నీ ఆ వెనక గేటులోంచే సెల్లార్‌లోకి దిగుతాయి. 2018 ఆగస్టులో మన దేశంలో మొదటి ఐకియా దుకాణం తెరిచింది కూడా ఇక్కడే, సుమారు 4 లక్షల చదరపు అడుగుల్లో. అంత సామాను చేతులతో మోసేది కాదు. హైటెక్స్ మైదానంలో యంత్రాల ప్రదర్శన జరుగుతుందనుకోండి. మనం టికెట్టు కొని లోపలికి వెళ్లేది మొదటి రోజు. దానికి ముందు రెండు మూడు రాత్రులు అక్కడ లారీలు దిగుతాయి, వడ్రంగులు స్టాళ్లు కడతారు, ఎలక్ట్రీషియన్లు వైర్లు లాగుతారు, ఆ మధ్యలోంచే ఫోర్క్‌లిఫ్ట్‌లు తిరుగుతాయి. కోకాపేట, నానక్‌రాంగూడ వైపు లేస్తున్న టవర్ల సంగతి సరేసరి. అక్కడైతే ఫోర్క్‌లిఫ్ట్‌కి తోడు దాని పెద్దన్న హైడ్రా క్రేన్ కూడా ఉంటుంది. పైగా పెద్ద లారీలకి పగలు ట్రాఫిక్ ఆంక్షలు. అందుకని ఈ పనంతా ఎక్కువగా రాత్రిపూటే.

మరి ఆ బండి చుట్టూ ఉండేదెవరు? హమాలీలున్నారు. నేల తుడిచే హౌస్‌కీపింగ్ మనిషి ఉంది. ఒడిశా నుంచి, బిహార్ నుంచి, జార్ఖండ్ నుంచి వచ్చిన కూలీలున్నారు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, దగ్గరి దారి అని సెల్లార్‌లోంచి తన బండి దగ్గరికి నడిచే సాఫ్ట్‌వేర్ కుర్రాడూ ఉన్నాడు. వీళ్లందరికీ ఒకే భాష రాదు. అందరి చెవులూ ఒకేలా పనిచెయ్యవు. కొన్ని బళ్లకి రివర్సులో మాట్లాడే అలారం పెడుతున్నారు. ఇంగ్లిషులో ఒక ఆడగొంతు, జాగ్రత్త, బండి వెనక్కి వస్తోంది అంటుంది. అది మర్యాదగానే ఉంది. కానీ ఆ వాక్యం పూర్తయ్యేలోపు బండి మీదికొచ్చేస్తుంది. అయినా అక్కడ ఎంతమందికి అర్థమవుతుంది? శబ్దానికీ వెలుగుకీ భాషతో పని లేదు. ఉన్న ఆ సౌకర్యాన్ని మాటలతో చెడగొట్టుకోవడం నాకు తెలివైన పనిగా తోచదు.

బండి తీరు కూడా కాస్త తెలుసుకోవాలి. రెండున్నర టన్నులు ఎత్తే ఫోర్క్‌లిఫ్ట్ తన బరువే మూడున్నర, నాలుగు టన్నులుంటుంది. అంటే మూడు నాలుగు చిన్న కార్లంత. ముందు బరువు మోస్తుంది కాబట్టి దాని వెనక అంత ఇనుము ఉంటుంది. కారు ముందు చక్రాలతో తిరుగుతుంది, ఇది వెనక చక్రాలతో తిరుగుతుంది. అందుకే బండి ఎడమకి తిరిగేటప్పుడు దాని వెనక భాగం కుడివైపుకి ఈడ్చి కొడుతుంది. పక్కన నిలబడ్డవాడు, బండి నావైపు రావట్లేదులే అనుకుంటాడు. తగిలేది వాడికే. ఇక డ్రైవర్‌కి ఎదురుగా ఇనుప స్తంభాలు, గొలుసులు, వాటి ముందు సరుకు. సరుకు ఎత్తుగా ఉంటే ముందు చూపే ఉండదు. అప్పుడు మెడ తిప్పి బండిని వెనక్కే నడపాలి. డ్రైవర్ చూసుకుంటాడులే అనేవాళ్లు ఒక్కసారి ఆ సీటులో కూర్చుని చూడాలి. అమెరికాలో నియోష్ అనే ప్రభుత్వ సంస్థ ఉంది. పనిచోట భద్రత మీద పరిశోధన చేస్తుంది. 1980 నుంచి 1994 దాకా అక్కడ ఫోర్క్‌లిఫ్ట్ ప్రమాదాల్లో 1,021 మంది చనిపోయారని లెక్క తీసింది. వాళ్లలో 22 శాతం బండి బోల్తాపడి పోయారు. ఆ తర్వాతి స్థానం నడిచి వెళుతూ బండి తగిలి పోయినవాళ్లది. 20 శాతం. అంటే ఐదుగురిలో ఒకరు. వాళ్లెవరూ బండి నడుపుతున్నవాళ్లు కారు. ఇప్పుడు బ్యాటరీ బళ్లు వచ్చాక ఇంకో చిక్కు. డీజిల్ బండి కనీసం గుడగుడలాడుతూ వచ్చేది. ఇది పిల్లిలా వస్తుంది.

సరే, శబ్దం దగ్గరికి వద్దాం. బండి వెనక్కి నడిస్తే బీప్, బీప్ అని మోగే అలారం జపాన్‌లో పుట్టింది. మత్సుసబురో యామగుచి అనే ఆయన తయారుచేసింది 1963లో మార్కెట్టుకి వచ్చింది. అప్పటినుంచీ ప్రపంచమంతా అదే కూత. అయితే ఆ బీప్ ఒకే స్వరం. కీచురాయిదీ ఒకే స్వరం. మనం శబ్దం దిక్కు ఎలా పట్టుకుంటామో చూడండి. కుడివైపు శబ్దం కుడి చెవికి ముందు చేరుతుంది, ఎడమ చెవికి కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఆ తేడా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. ఆ పాటి తేడాని మెదడు పట్టేస్తుంది. కానీ ఈ పద్ధతి బొంగురు శబ్దాలకి బాగా పనిచేస్తుంది. సన్నని శబ్దాలకి ఇంకో పద్ధతి ఉంది. తల అడ్డుపడి, అవతలి చెవికి శబ్దం తగ్గి వినిపిస్తుంది. దాన్నిబట్టి మెదడు దిక్కు లెక్కగడుతుంది. ఈ రెండు పద్ధతులూ సరిగ్గా పనిచేయని నడిమి ప్రాంతం ఒకటుంది. సుమారు వెయ్యి నుంచి మూడు వేల హెర్ట్జ్ దాకా. మన బీప్ అలారాలు చాలావరకు కూసేది అక్కడే. దానికి తోడు సెల్లార్‌లో నాలుగు పక్కలా కాంక్రీటు గోడలు. ఒకే స్వరం గోడకి తగిలి తిరిగొచ్చి తనతో తానే కలుస్తుంది. ఒకచోట బలపడుతుంది, రెండడుగులు పక్కకి జరిగితే బలహీనపడుతుంది. ఇక దిక్కు ఎలా తెలుస్తుంది?

దీనికి విరుగుడు అనేక స్వరాలు కలిసిన శబ్దం. అది మీకు కొత్తేం కాదు. పాత రేడియోలో ముల్లు తిప్పుతుంటే, ఒక స్టేషన్‌కీ ఇంకో స్టేషన్‌కీ మధ్య స్స్ మని వస్తుందే, అదే. చీపురు శబ్దం అదే జాతి. పాము బుస కూడా అదే జాతి. బుస వినబడితే మనిషి అటూ ఇటూ చూడడు. సూటిగా ఆ మూలకే చూస్తాడు. ఎందుకంటే ఆ బుసలో బొంగురూ ఉంది, సన్నమూ ఉంది, నడిమీ ఉంది. చెవికి అన్ని ఆధారాలూ ఒకేసారి దొరుకుతాయి. ఇప్పుడు ఇలా బుసకొట్టే అలారాలు దొరుకుతున్నాయి. బ్రాడ్‌బ్యాండ్ అలారం అంటారు. ఇంటర్నెట్‌తో సంబంధం లేదు లెండి, పేరు మాత్రం అదే. కెనడా పరిశోధకులు 2013లో ఒక పోలిక ప్రచురించారు. బీప్ అలారం, బుస అలారం, ఇంకో రకం, మూడింటినీ బళ్ల వెనక పెట్టి కొలిచారు. బండి వెనక ప్రాంతమంతా శబ్దం సమంగా పరుచుకున్నది బుస అలారానిదే. దిక్కు పట్టడంలోనూ అదే మెరుగు. అందుకే మళ్లీ అంటున్నాను. గట్టిదనం ఒకటే చూడకండి. దిక్కు చెబుతుందా అని చూడండి.

ఇక్కడ ఒకాయన అడ్డుపడతాడు. దిక్కు సంగతి తర్వాత, ముందు వినబడాలి కదా, ఇంకాస్త గట్టిది పెడితే సరిపోతుంది కదా అంటాడు. వినబడాలన్న మాట నిజమే. చుట్టూ ఉన్న రొదకన్నా ప్రమాద సూచిక 15 డెసిబెల్స్ ఎక్కువుండాలని అంతర్జాతీయ ప్రమాణం ఒకటి చెబుతుంది. కానీ చుట్టూ ఉన్న రొద మధ్యాహ్నం ఒకలా, రాత్రి రెండింటికి ఒకలా ఉంటుంది. మధ్యాహ్నం రొదకి సరిపడే అలారాన్ని అర్ధరాత్రి కూడా అదే గొంతుతో కూయిస్తే ఏమవుతుంది? ఒక లెక్క వేద్దాం. మీటరుంపావు దూరంలో 97 డెసిబెల్స్ ఇచ్చే అలారం తీసుకోండి. ఇది మధ్యరకమే. ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఆ లెక్కన 80 మీటర్ల అవతల ఉన్న అపార్ట్‌మెంట్ కిటికీ దగ్గర ఇంకా సుమారు 61 ఉంటుంది. మన దేశంలో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా పరిమితి 45 డెసిబెల్స్. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలిలో లోడింగ్ బేకీ పడకగదికీ మధ్య ఒక్క గోడే అడ్డం ఉన్న చోట్లు లేకపోలేదు. పై అంతస్తులవాళ్లు ఫిర్యాదు చేస్తారు. కింద సూపర్‌వైజర్ ఏం చేస్తాడు? వైరు పీకేస్తాడు. ఆ రాత్రి నుంచి బండికి నోరే ఉండదు.

అందరికన్నా ఆ అలారానికి దగ్గరగా ఉండేది డ్రైవర్ అన్న సంగతి కూడా మనం మరిచిపోతుంటాం. షిఫ్టు ఎనిమిది గంటలూ ఆ కూత అతని చెవి పక్కనే. అతను బజర్‌లో గుడ్డ కుక్కుతాడు, లేదా టేపు అంటిస్తాడు. వెంటనే జరిమానా వేస్తారు. నేనైతే ముందు ఆ గుడ్డ ఎందుకు పెట్టాల్సి వచ్చిందో కనుక్కోమంటాను. ఆ గుడ్డే అలారం ఎంపిక తప్పని చెబుతోంది. దీనికి మార్గం ఉంది. చుట్టూ ఉన్న రొదని కొలుచుకుని, దానికి కాస్త పైన మాత్రమే మోగే అలారాలున్నాయి. పెళ్లి పందిట్లో గట్టిగా మాట్లాడతాం, గుళ్లో గొంతు తగ్గిస్తాం. ఈ అలారం కూడా అలాగే చేస్తుంది. సందడిగా ఉన్నప్పుడు పెంచుతుంది, రాత్రి నిశ్శబ్దంలో తగ్గిస్తుంది. బుస శబ్దం, తనంత తాను సర్దుకునే గొంతు, ఈ రెండూ ఉన్న అలారం కొంటే వైరు పీకే అవసరం చాలావరకు తప్పుతుంది.

ఇక ఎప్పుడు మోగకూడదు అన్న ప్రశ్న. ఇది నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది. కొన్నిచోట్ల జాగ్రత్త కోసమని బండి కదిలినా కూత, ఆగినా కూత, తాళం తిప్పితే కూత. నాలుగు బళ్లుంటే నాలుగు కూతలూ కలిసిపోతాయి. నాన్నా పులి కథ పిల్లలకి చెబుతాం. పెద్దవాళ్లం మాత్రం పులి లేనప్పుడు అరిచే యంత్రాలు కొనుక్కుంటాం. ఆస్పత్రుల్లో ఇది లెక్కకే వచ్చింది. అమెరికాలో ఆస్పత్రులకి గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2013లో ఒక హెచ్చరిక జారీచేసింది. రోగి పక్కన మోగే అలారాల్లో 85 నుంచి 99 శాతం మోగినప్పుడు వైద్యపరంగా చేయాల్సిందేమీ ఉండదని అందులో ఉంది. వంద కూతల్లో తొంభై ఉత్తివైతే మిగిలిన పదికి నర్సు చెవి లేవదు. అది ఆమె తప్పు కాదు. లైట్లకీ ఇదే గతి. మన రోడ్ల మీద ఎర్రబుగ్గ కార్లు గుర్తున్నాయా? అంబులెన్సుకి దారివ్వాలన్న గౌరవం కూడా ఆ బుగ్గల గుంపులో పలచబడింది. 2017 మే 1 నుంచి ప్రముఖుల కార్ల మీద ఎర్రబుగ్గ తీసేయించారు. గోదాములోనూ ప్రతి బండి నెత్తినా రోజంతా పసుపుపచ్చ బుగ్గ తిరుగుతుంటే, అది దసరా పందిరి దీపమైపోతుంది. వెనక్కి కదిలేటప్పుడు మోగాలి. మూల తిరిగేటప్పుడు హారన్ కొట్టాలి. ఆగినప్పుడు నిశ్శబ్దం. ఎడ్ల మెడలో మువ్వలు ఎద్దు నడిస్తేనే మోగేవి. రాత్రి బండి కింద లాంతరు వేలాడేది. అవసరమైనంత శబ్దం, అవసరమైనంత వెలుగు.

లైటు మాట వచ్చింది కాబట్టి, ఇయర్‌ఫోన్ల కుర్రాడి దగ్గరికి మళ్లీ వెళదాం. వాడికి బుసా వినబడదు, బీపూ వినబడదు. ఇలాంటివాళ్లకీ, వినికిడి తగ్గినవాళ్లకీ నేల మీద పడే నీలం చుక్క మేలు. బండి మీద ఒక దీపం బిగిస్తారు. అది బండికి నాలుగైదు మీటర్ల ముందు, లేదా వెనక, నేల మీద నీలం వెలుగు వేస్తుంది. మూల అవతల బండి ఇంకా కనబడకముందే చుక్క కనబడుతుంది. ఫోన్‌లో తల దించి నడిచేవాడు చూసేది కూడా నేలనే కదా. ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియని మగవాళ్లు కొందరుంటారు. నీలం వాళ్లకీ తెలుస్తుంది. ఇంకో రకం దీపం బండి పక్కల ఎర్రగీత గీస్తుంది. వెనక భాగం ఈడ్చి కొట్టే దూరం అది. ఆ గీత లోపల కాలు పెట్టొద్దని అర్థం. సీతమ్మకి లక్ష్మణుడు గీసిన గీత కదలదు, ఇది బండితోపాటు కదులుతుంది, అంతే తేడా. అయితే ఈ నీలం చుక్క ఎండలో పనికిరాదు. ఏప్రిల్ మధ్యాహ్నం ఆరుబయట యార్డులో అది ఉందో లేదో కూడా తెలీదు. అక్కడ శబ్దమే దిక్కు. సెల్లార్‌లో లైటు, శబ్దం రెండూ. అర్ధరాత్రి ఇళ్ల పక్కన లైటుకి పెద్దపీట, శబ్దానికి చిన్నపీట. చోటుని బట్టి ఎంపిక. నలభై చోట్లకి ఒకే రకం ఆర్డరు పెట్టే కొనుగోలు విభాగాల మీద నాకున్న ఫిర్యాదు ఇదే.

ఆ చుక్క వెనక ఉన్న లెక్క కూడా వినండి. గంటకి 10 కిలోమీటర్ల వేగంతో బండి వస్తోందనుకుందాం. వినడానికి తక్కువ వేగమే. కానీ సెకనుకి 2.8 మీటర్లు. చుక్క 5 మీటర్ల ముందుంటే, మనిషికి దొరికే సమయం రెండు సెకన్లు కూడా కాదు. చూసి, అర్థం చేసుకుని, కాలు వెనక్కి తీసేసరికే ఒకటిన్నర సెకను పోతుంది. వేగం సగం చేస్తే మూడున్నర సెకన్లు దొరుకుతాయి. లైటు మార్చలేదు, అలారం మార్చలేదు. సమయం రెట్టింపయ్యింది. అందుకే కొందరి ఆక్షేపణని నేను ఒప్పుకుంటాను. ఈ లైట్లూ అలారాలూ అసలు భద్రత కాదంటారు వాళ్లు. నడిచేవాళ్ల దారి వేరు, బండి దారి వేరు చెయ్యండి, మధ్యలో కంచె కట్టండి, అదే భద్రత అంటారు. నూటికి నూరుపాళ్లు నిజం. కంచె కట్టగలిగిన చోట ముందు కంచె కట్టాలి. కానీ ప్రదర్శన ముందురాత్రి హైటెక్స్ లాంటి మైదానంలో కంచె ఎక్కడ కడతాం? దారులే గంటకోసారి మారుతుంటాయి. అక్కడ మిగిలేది వేగం, శబ్దం, వెలుగు.

చట్టంలో తప్పనిసరా అని అడిగేవాళ్లూ ఉంటారు. అమెరికాలో పనిచోట భద్రతకి నియమాలు పెట్టే సంస్థ ఓషా. దాని నియమాల్లో కూడా ప్రతి ఫోర్క్‌లిఫ్ట్‌కీ రివర్స్ అలారం ఉండాలని లేదు. కానీ తయారుచేసినవాళ్లు బిగించి పంపినదాన్ని సొంతంగా పీకేయకూడదు. అంటే ఎంపిక బాధ్యత చివరికి బండి నడిపించే యాజమాన్యం మీదే పడుతుంది. చోటు చూసి, మనుషుల్ని చూసి వాళ్లే తేల్చుకోవాలి. ఇప్పుడు కెమెరాలు, సెన్సార్లు, మనిషి దగ్గరికొస్తే డ్రైవర్‌ని అప్రమత్తం చేసే పరికరాలు వచ్చాయి. మంచివే. కానీ స్తంభాన్ని చూసి మోగే సెన్సార్‌కీ, పులి లేకుండా అరిచే పిల్లాడికీ తేడా ఏముంది? కొనేముందు ఒక వారం మీ గోదాములోనే నడిపించి చూడమనండి. ఉత్తి కూతలెన్నో, నిజం కూతలెన్నో ఒక పుస్తకంలో రాయండి.

అసలు అలారం సంగతి తేల్చడానికి పరికరాలు కూడా అక్కర్లేదు. రద్దీ ఎక్కువున్న వేళ చూసుకుని, బండి దారికి దూరంగా, కంచె వెనకో స్తంభం వెనకో ఒక మనిషిని నిలబెట్టండి. కళ్లు మూసుకోమనండి. బండిని వెనక్కి నడిపించండి. శబ్దం వినబడగానే బండి ఎటుందో వేలుతో చూపించమనండి. పది సార్లు, పది వైపుల నుంచి. వేలు ఒకవైపు, బండి ఇంకోవైపు ఉంటే ఆ అలారం మార్చాలి. ఇదే పరీక్ష అర్ధరాత్రి ఇంకోసారి చెయ్యండి. లైటుకైతే మిట్టమధ్యాహ్నం ఒకసారి, నేల తుడిచి తడిగా ఉన్నప్పుడు ఒకసారి. దీపం అద్దం మీద దుమ్ము ఎవరు తుడుస్తారో కూడా అప్పుడే తేల్చుకోండి. ఒక్కటే జాగ్రత్త. ఈ పరీక్షకి సూపర్‌వైజర్‌ని నిలబెట్టకండి. బండి ఎటునుంచి వస్తుందో ఆయనకి ముందే తెలుసు. రోజూ ఆ మూల తుడిచే మనిషిని నిలబెట్టండి.